పల్లె సంఘంలో ఆరాధనకు పాటలు, ప్రార్థనలు ఎలా సమకూర్చుకోవాలి?

వందనాలమ్మా. గుత్తి వైపు ఒక పల్లె సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో ఆదివారం పాటలు, ప్రార్థనలు చూసుకునే బాధ్యత మీకు అప్పగించారని రాశారు. అయ్యగారి (పాస్టరుగారి) కింద చాలా ఊళ్లు ఉండటంతో ఆయన నెలకోసారి సంస్కారం (ప్రభు భోజనం) ఇవ్వడానికి మాత్రమే వస్తారని, మిగతా వారాలు ఉపదేశిగారూ మీరే నడపాలని చెప్పారు. పెద్దవాళ్లు పాత తెలుగు క్రైస్తవ కీర్తనలే కావాలంటున్నారు, పిల్లలు యూట్యూబ్‌లో విన్నవి పాడతామంటున్నారు. కీబోర్డు ఉంది, వాయించే అబ్బాయి ఉన్నాడు, పుస్తకాలు చాలినన్ని లేవు. మంచి పాటలు, ప్రార్థనలు ఎక్కడ దొరుకుతాయి, ఏ ఆదివారానికి ఏది ఎంచుకోవాలి అన్నది మీ ప్రశ్న.

కడప, జమ్మలమడుగు వైపు సంఘాల్లో చాలా ఏళ్లుగా క్వయర్ నడుపుతున్న అనుభవంతో చెబుతున్నాను. పాట వెతకడం చివర చేయాల్సిన పని. ముందు ఆ ఆదివారపు పాఠాలు, అంటే ఆ రోజు గుడిలో చదివే బైబిలు భాగాలు, చదవాలి. తరవాత ఆరాధనలో ఆ పాట ఏ చోట పడుతుందో చూడాలి. ఆ తరవాతే పాట. ఇలా పోతే మీకు కావలసినదాంట్లో చాలా భాగం మీ సంఘంలోనే దొరుకుతుంది.

పాఠాల కోసం సి.ఎస్.ఐ. ఆల్మనాక్ ఒకటి సంపాదించుకోండి. అందులో ప్రతి ఆదివారానికీ ఒక అంశం, పాత నిబంధన పాఠం, దావీదు కీర్తన, పత్రిక పాఠం, సువార్త పాఠం ఇచ్చి ఉంటాయి. మీ అయ్యగారి దగ్గర తప్పకుండా ఉంటుంది. లేకపోతే కడపలోని డయోసిస్ ఆఫీసులో అడగండి. రాబోయే మూడు నెలల పాఠాలను ఫోనులో ఫోటో తీసుకుని పెట్టుకుంటే చాలు. సోమవారం ఒకసారి చదివితే వారమంతా పని చేసుకుంటూనే పాట తడుతుంది. శనివారం రాత్రి కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ తట్టదు.

ఒక ఉదాహరణ చెబుతాను. సువార్త పాఠం లూకా 15, తప్పిపోయిన కుమారుడు అనుకోండి. అందరికీ వెంటనే పశ్చాత్తాపపు పాట గుర్తొస్తుంది. కానీ ఆరాధన క్రమంలో పాపపు ఒప్పుకోలు మొదట్లోనే అయిపోయింది. పాఠం చదివేసరికి కుమారుడు ఇంటికి చేరాడు, తండ్రి పరుగెత్తుకుంటూ ఎదురొచ్చి మెడమీద పడి ముద్దు పెట్టుకున్నాడు, విందు మొదలైంది. ఇప్పుడు మళ్లీ ఏడుపు పాట పాడిస్తే సంఘాన్ని గడప అవతలికి పంపినట్టే. పశ్చాత్తాపపు పాట ఒప్పుకోలు ముందు పెట్టండి. పాఠం తరవాత తండ్రి ప్రేమను పొగిడే పాట పెట్టండి. పాటలు రెండూ మీ సంఘానికి వచ్చినవే అయినా, చోటు సరిగా కుదిరితే ప్రసంగం మొదలవకముందే సగం వాక్యం జనానికి అందుతుంది.

అందుకే ఆరాధన క్రమాన్ని కాగితం మీద రాసుకుని, ఒక్కో చోట ఏం జరుగుతోందో పక్కన రాయండి. ప్రవేశ గీతం జనాన్ని లోపలికి తెచ్చి నిలబెట్టాలి, అందరికీ నోటికి వచ్చినదై ఉండాలి. కానుక పాట ఎంత పొడవుండాలో కానుక సంచి తిరిగే సమయమే చెబుతుంది. సంస్కారం ఇచ్చేటప్పుడు జనం లేచి ముందుకు వెళ్తూ వస్తూ ఉంటారు, చేతిలో పుస్తకం ఉండదు. అక్కడ పల్లవి చిన్నదిగా ఉండి మళ్లీ మళ్లీ వచ్చే పాట కావాలి. చివరి పాటకు రెండు చరణాలు చాలు.

ఇక కీర్తనల సంగతి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం పేర్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి. చాలామంది వాటిని చూడకుండానే పాటలోకి వెళ్లిపోతారు. మీరు ముందు తాళం పేరు చూడండి. ఆది తాళమైతే ఎనిమిది లెక్కలు. కీబోర్డులో ఉండే మామూలు రిథమ్‌లు నాలుగేసి లెక్కలతో నడుస్తాయి కాబట్టి ఇబ్బంది లేదు. రూపకమైతే మూడు లేదా ఆరు లెక్కల స్టైల్ పెట్టుకోవచ్చు. అసలు చిక్కంతా త్రిపుట అని రాసి ఉన్న పాటలతోనే. అది ఏడు లెక్కలు. మూడు, రెండు, రెండు: తకిట తక దిమి.

ఆ పాటకు మీ అబ్బాయి బటన్ నొక్కి నాలుగు లెక్కల రిథమ్ పెడితే ఏమవుతుందో ఒకసారి జాగ్రత్తగా వినండి. మాట చివర సాగదీయాల్సిన చోట పెద్దవాళ్లు సాగదీయలేక ఒక అక్షరం మింగేస్తారు, లేదంటే మాట మధ్యలో ఒక లెక్క ఊరికే ఆగుతారు. రెండో చరణానికి వచ్చేసరికి ముందు చాపమీద కూర్చున్న అవ్వ పాడటం మానేస్తుంది. పెద్దవాళ్లకు తాళం నిలవడం లేదని పిల్లలు అంటారు. నిజానికి తాళం తప్పింది కీబోర్డు. ఆ అవ్వ చిన్నప్పటి నుంచి ఏడు లెక్కలు ఒంట్లో పెట్టుకుని పాడుతోంది. అబ్బాయిని రిథమ్ ఆపేసి శ్రుతి మాత్రం పట్టుకోమనండి. డోలక్కో తబలానో ఉంటే మంచిది, లేకపోతే తాళాలు చాలు. ఇంట్లో సాధన చేయడానికి ఫోనులో మెట్రోనోమ్ యాప్ వేసుకుని ఏడుకు పెట్టుకుంటే నాలుగైదు రోజుల్లో చేతికి అలవాటవుతుంది. అతనికి ఈ సంగతి నలుగురిలో కాకుండా విడిగా, ప్రేమగా చెప్పండి. పల్లెలో వాయించేవాళ్లు దొరకడం ఎంత కష్టమో మనకు తెలుసు.

శ్రుతి గురించి కూడా చెప్పాలి. రికార్డింగుల్లో పాడేవాళ్ల గొంతులు సాధన చేసినవి, పై స్థాయిలో పాడతారు. దాన్ని ఉన్నదున్నట్టు కీబోర్డులో పట్టుకుంటే మన మగవాళ్లు మధ్యలో ఆగిపోతారు, ఆడవాళ్లు కీచుగా అరవాల్సి వస్తుంది. పాటలో అన్నిటికంటే పై స్వరం కీబోర్డు మీద పై డి దాటకుండా, కింది స్వరం కింది ఎ కంటే దిగకుండా చూసుకోండి. ఉదయం పూట గొంతులు ఇంకా విచ్చుకోవు కాబట్టి మొదటి పాటను ఇంకో అర శ్రుతి తగ్గించినా తప్పులేదు. ట్రాన్స్‌పోజ్ బటన్ ఉన్నది ఇందుకే. ఏ పాటకు ఎంత పెట్టాలో పుస్తకంలో పాట పక్కనే పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి.

పుస్తకంలో శంకరాభరణం అనో ముఖారి అనో ఉంటుంది, మీ ఊళ్లో మాత్రం వేరే వరసలో పాడుతుంటారు. దాన్ని దిద్దాలని చూడొద్దు. ఒకే కీర్తన జమ్మలమడుగులో ఒక వరస, అనంతపురంలో ఒక వరస. మీ ఊరి వరస మీ సంఘపు ఆస్తి. మీ సంఘంలో ఎక్కువ పాటలు తెలిసిన పెద్దవాళ్లు ఎవరో మీకే తెలుసు. వాళ్ల దగ్గర కూర్చుని ఫోనులో రికార్డు చేయండి. పాట పేరు, పాడినవాళ్ల పేరు, తేదీ ముందుగా ఫోనులో చెప్పించి తరవాత పాడించండి. చరణాలన్నీ పాడించండి. ఎందుకంటే మూడో చరణం తరవాతవి చాలా ఊళ్లలో ఇప్పటికే మరుపున పడ్డాయి, ఒక్కోసారి పాటలో అసలు విషయమంతా అయిదో చరణంలో ఉంటుంది. వనరులు ఎక్కడ అని అడిగారు కదా, నా లెక్కలో బైబిలు తరవాత మీకు దొరికే అతిపెద్ద వనరు ఇదే. ఇది ఏ వెబ్‌సైటులోనూ ఉండదు, ఆ పెద్దవాళ్లతోనే వెళ్లిపోతుంది.

చదువురాని వాళ్లున్న సంఘంలో కీర్తనలే ఎందుకు సులువో కూడా పిల్లలకు చెప్పండి. నాయకుడు చరణం పాడతాడు, జనం పల్లవి అందుకుంటారు. పల్లవి వస్తే చాలు, ఆరాధనలో వాళ్లకు చోటుంది. పుస్తకాలు చాలినన్ని లేకపోవడం మీరనుకున్నంత పెద్ద లోటు కాదు.

కొత్త పాటలను మాత్రం తోసిపుచ్చకండి. కీర్తనల రచయితల్లో పేరున్న పురుషోత్తమ చౌదరి పాటలు కూడా ఆయన కాలంలో కొత్తవే. యూట్యూబ్ పాట తెచ్చినప్పుడు మూడు సంగతులు చూడండి. కీబోర్డు, ప్యాడ్ ఆపేసి ఒట్టి గొంతులతో పాడితే పాట నిలబడుతోందా? మధ్యలో వాద్యాలు వాయించే చోటు ఎంత పొడవుంది, అక్కడ జనం ఏం చేస్తారు? సాహిత్యంలో దేవుడు చేసిన పని ఏదైనా ఉందా, లేక పాడేవాడి మనసు సంగతే ఉందా? ఈ మూడిటికీ నిలబడితే సంతోషంగా తీసుకోండి. నెలకు ఒక్కటి చాలు. ఆరాధన మొదలయ్యే ముందు పది నిమిషాలు నేర్పించి, ఆ నెలంతా అదే పాడించండి. పిల్లల్లో ఇద్దరికి నేర్పించే బాధ్యత అప్పగిస్తే, పెద్దవాళ్లు మనవళ్ల కోసమైనా నేర్చుకుంటారు.

దావీదు కీర్తనలను చదివి వదిలేయకుండా పాడించవచ్చు. 136వ కీర్తన చూడండి. ఇరవై ఆరు వచనాలు, ప్రతి వచనం చివర "ఆయన కృప నిరంతరముండును" అన్న మాట. అది జనం పలకడం కోసమే ఉన్న మాట. మీకు వచ్చిన ఏ చిన్న వరసలోనైనా ఆ ఒక్క మాటను జనానికి నేర్పండి, మిగతాది ఎవరైనా నెమ్మదిగా చదవనివ్వండి. 42, 43 కీర్తనల్లో కూడా మళ్లీ మళ్లీ వచ్చే మాట ఉంది. పల్లవి లేని కీర్తనకు అందులోంచే ఒక మాట తీసుకుని నాలుగైదు వచనాలకోసారి జనంతో అనిపించండి. మరియ పాట, జెకర్యా పాట, సుమెయోను పాట లూకా మొదటి రెండు అధ్యాయాల్లోనే ఉన్నాయి. ఆగమన కాలంలో (క్రిస్మస్ ముందు వారాల్లో), క్రిస్మస్‌కు వీటికంటే మంచి పాటలు వెతకనక్కర్లేదు.

ప్రార్థనల దగ్గరికి వస్తాను. పుస్తకం చూసి చేస్తే అది ప్రార్థనేనా అని మీ పెద్దవాళ్లలో కొందరు అంటున్నారని రాశారు. వాళ్ల మాటకు వెనక ఒక కారణం ఉంది. కడప, గుత్తి, అనంతపురం వైపు పనిచేసింది లండన్ మిషను. కడపలో వాళ్ల పని 1822లో మొదలైంది. సొంత మాటలతో ప్రార్థించడం వాళ్లు నేర్పిన పద్ధతి. నంద్యాల వైపు ఎస్.పి.జి. అనే మిషను ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘపు) పద్ధతి తెచ్చింది, అక్కడ ప్రార్థన పుస్తకం చూసి చేయడం తాతల నాటి అలవాటు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు ఇలాంటి వేర్వేరు అలవాట్ల వాళ్లు ఒకే సంఘమయ్యారు. 1950లో వచ్చిన ప్రభు భోజన క్రమం వాళ్లందరూ కలిసి ప్రార్థించడానికి తయారు చేసుకున్నది. అందులో ఒకరి చేతుల్లో ఒకరు చేతులు పెట్టి సమాధానం (శాంతి) ఇచ్చుకోవడం కేరళ సిరియను క్రైస్తవుల దగ్గర నుంచి తీసుకున్నారు. సొంత మాటల ప్రార్థనకూ అందులో చోటుంది. కాబట్టి రెండిట్లో ఒకటే ఉండాలని మీరు పట్టుబట్టొద్దు, వాళ్లనూ పట్టుబట్టనివ్వొద్దు. ఒప్పుకోలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన అందరూ కలిసి పుస్తకం ప్రకారం చెప్పండి. ఇతరుల కోసం చేసే విజ్ఞాపన ప్రార్థన మీ ఊరి మాటల్లో చేయండి.

విజ్ఞాపన ఒక్కరే పది నిమిషాలు చేస్తే జనం ఆలోచనలు ఎక్కడికో పోతాయి. చిన్న చిన్న మనవులుగా విడగొట్టండి. ఒక్కో మనవి తరవాత కాసేపు ఆగి, "ప్రభువా, మా ప్రార్థన ఆలకించుము" అని అందరితో అనిపించండి. మనవుల్లో మీ ఊరు కనబడాలి: శెనక్కాయ వేసి వాన కోసం చూస్తున్నవాళ్లు, పని కోసం బెంగళూరు పోయినవాళ్లు, వాళ్లు వదిలివెళ్లిన ముసలి తల్లిదండ్రులు, ఆస్పత్రిలో ఉన్నవాళ్లు, పరీక్షలు రాసే పిల్లలు. సంఘం బయటివాళ్ల కోసం కనీసం ఒక మనవి ఉండాలి. అప్పుల సంగతి, ఇంటి గొడవల సంగతి మాత్రం పేరు పెట్టి ప్రార్థించకండి. చిన్న ఊరు, అందరికీ తెలిసిపోతుంది.

ఆ వారానికి తగిన చిన్న ప్రార్థన ఒకటి మీరే రాసుకోవచ్చు. దాని పద్ధతి ఎప్పటి నుంచో ఉన్నదే. దేవుణ్ణి పిలవాలి, ఆయన చేసిన ఒక పనిని గుర్తు చేయాలి, ఒక్కటే అడగాలి, అది ఎందుకో చెప్పాలి, క్రీస్తు ద్వారా అని ముగించాలి. వాన కోసం నేను రాసేది ఇలా ఉంటుంది:

"అరణ్యములో బండ నుండి నీళ్లు రప్పించి నీ ప్రజలను బ్రతికించిన దేవా, ఎండిన మా చేల మీద వాన కురిపించుము. అప్పుడు మా ఇండ్లు నిండి, ఆకలితో ఉన్న పొరుగువానికి మేము పెట్టగలుగుదుము. మా ప్రభువైన యేసుక్రీస్తు ద్వారా అడుగుచున్నాము. ఆమేన్."

ఆమేన్ కాక మూడు వాక్యాలు. ఒక్కటే మనవి. ఇంకో మనవి కలపాలనిపిస్తే దాన్ని వచ్చే వారానికి దాచండి. ఈ వాన ప్రార్థనకు సరైన సమయం కూడా సంఘ క్యాలెండరులోనే ఉంది. ఆరోహణ గురువారానికి (యేసు పరలోకానికి ఎక్కిపోయిన రోజుకు) ముందు మూడు రోజులు పంటల కోసం ప్రార్థించడం పాత ఆచారం. మన వైపు అవి సరిగ్గా ఎండాకాలంలో, విత్తనానికి ముందు వస్తాయి. వాటికి ముందు ఆదివారం ఆరాధన తరవాత అందరూ ఒక చేను దాకా నడిచి వెళ్లి అక్కడ ప్రార్థించి రండి. 65వ కీర్తన అక్కడ చదవండి.

శ్రమల కాలానికి, అంటే బూడిద బుధవారం నుంచి ఈస్టర్ దాకా, ఏం పాడించాలని ప్రత్యేకంగా అడిగారు. బూడిద బుధవారానికి 51వ కీర్తన. అక్కడి నుంచి ఈస్టర్ దాకా హల్లెలూయ పాటలు పక్కన పెట్టండి, వాద్యాలు తగ్గించండి. అప్పుడు ఈస్టర్ పొద్దున హల్లెలూయ అన్నప్పుడు అది కొత్తగా వినిపిస్తుంది. శుక్రవారాల్లో ఒక్కో ఇంట్లో కూడుకుంటే సాధారణ కీర్తనలు చాలు. మన కేథలిక్కులు ఆ శుక్రవారాల్లో పద్నాలుగు స్థలాల సిలువ మార్గం చేస్తారు. దగ్గర్లో గుడి ఉంటే ఒకసారి వెళ్లి చూడండి, పాటకూ నడకకూ ప్రార్థనకూ ముడి ఎలా వేస్తారో నేర్చుకోవచ్చు.

గుడ్ ఫ్రైడే నాడు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధనకు ఎక్కువ శ్రద్ధ పెట్టండి. పన్నెండు నుంచి మూడు దాకా, ఎండ మండే వేళ, చాలామంది ఉపవాసంతో ఉంటారు. మాటకో పాట అంటే ఏడు పాటలు. ఏడూ సిలువ శ్రమల పాటలే పెడితే నాలుగో మాటకల్లా జనం అలసిపోతారు. మాటలు ఏడూ ఒకేలా లేవు, పాటలూ ఒకేలా ఉండకూడదు. మొదటి మాట క్షమాపణ. రెండోది దొంగకు ఇచ్చిన వాగ్దానం, దానికి పరలోక నిరీక్షణ పాట సరిపోతుంది. మూడోది తల్లినీ శిష్యుణ్ణీ ఒకరికొకరిని అప్పగించడం, అక్కడ సంఘం, కుటుంబం గురించిన పాట పెట్టండి. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్న నాలుగో మాటకు పాటే వద్దు. అది 22వ కీర్తన మొదటి మాట, ఆ కీర్తన ఒకరు నెమ్మదిగా చదివితే చాలు, తరవాత నిశ్శబ్దం. "దప్పిగొనుచున్నాను" అన్న అయిదో మాటకు చిన్న పాట. "సమాప్తమైనది" అన్నది ఓటమి మాట కాదు, పని ముగించినవాడి మాట, అక్కడ కృతజ్ఞత పాట పాడించండి. ఏడో మాట అప్పగింపు. అన్నీ కూర్చునే పాడించండి, రెండేసి చరణాలకు మించొద్దు, ఆ రోజు కీబోర్డు మూసే ఉంచితే ఇంకా మంచిది. ప్రసంగించే ఏడుగురికీ సమయం ముందే చెప్పి, ముసలివాళ్లకు, పిల్లలకు తాగే నీళ్లు వెనక పెట్టించండి.

ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో చేసే ఆరాధనకు కాగితాలు పంచి లాభం లేదు, చీకట్లో కనబడవు. అందరికీ నోటికి వచ్చినవే పాడాలి. ఈస్టర్ కాలం యాభై రోజులు, పెంతెకొస్తు దాకా. మన సంఘాల్లో మరుసటి ఆదివారానికే పునరుత్థానపు పాటలు ఆగిపోతాయి. మీరు ఆపకండి, వారానికి ఒక్కటైనా పాడించండి. డిసెంబరులో దీనికి తలకిందులుగా జరుగుతుంది, మొదటి వారం నుంచే క్రిస్మస్ పాటలు. క్యారల్స్‌కు వెళ్లేటప్పుడు పాడుకోనివ్వండి, గుడిలో మాత్రం మొదటి రెండు ఆదివారాలైనా ఎదురుచూపు పాటలు, రెండో రాకడ పాటలు ఉంచండి.

పాటల కాగితాలు వేసుకోవడం గురించి. డి.టి.పి. షాపువాళ్లు అను ఫాంట్లలో కొట్టి ఇచ్చింది వాళ్ల కంప్యూటర్లో తప్ప సరిగా కనబడదు. యూనికోడ్‌లో టైప్ చేయించుకుంటే ఫోనులో, వాట్సాప్‌లో, ప్రొజెక్టరులో ఎక్కడైనా వాడుకోవచ్చు. మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్లు ఉచితం. ప్రొజెక్టరు ఉంటే ఓపెన్ఎల్పీ ఉచిత సాఫ్ట్‌వేరు. ముసలివాళ్ల కోసం కాగితం మీద అక్షరాలు 18 సైజుకు తగ్గనివ్వొద్దు.

కాపీరైటు సంగతి తెలుసుకుని ఉండండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నిజమైన మత ఆరాధనలో పాట పాడటం ఉల్లంఘన కాదు. పుస్తకాన్ని జెరాక్సు తీసి పంచడానికి, పాటను రికార్డు చేసి ఛానెల్లో పెట్టడానికి ఆ వెసులుబాటు వర్తిస్తుందనుకోవద్దు, ముందు అనుమతి అడగాలి. రచయిత చనిపోయి అరవై ఏళ్లు దాటిన పాటల సాహిత్యానికి ఆ చిక్కు లేదు. పురుషోత్తమ చౌదరి 1890లో చనిపోయారు, ఆయన కీర్తనలు నిశ్చింతగా అచ్చు వేసుకోవచ్చు.

ముందుగా చేయాల్సింది ఇదీ: మీ సంఘానికి పుస్తకం లేకుండా ఏ పాటలు వస్తాయో ఒక నోటుబుక్కులో రాయండి. ప్రతి పాట పక్కన తాళం, శ్రుతి, ఆరాధనలో ఏ చోటికి సరిపోతుందో రాయండి. ఆ జాబితా తయారయ్యాక ఇక్కడ పెట్టండి. ఏ కాలానికి పాటలు తక్కువ పడ్డాయో చూసి, ఆ చోట్లకు తగిన కీర్తనలు, వాటిని మా వైపు పాడే వరసలు చెబుతాను.